స్లైడు పెట్టెలో దాచిన చిప్‌లు

2020 సెప్టెంబరు 14, సోమవారం, ఉదయం పదకొండున్నర. ఆసుపత్రి సమావేశపు గది. హాజరైనవారు: సూపరింటెండెంట్ గారు, హెడ్ నర్సు, ఇద్దరు స్టాఫ్ నర్సులు, దుత్తలూరు, వరికుంటపాడు, మర్రిపాడు మండలాల నుంచి వచ్చిన తొమ్మిదిమంది ఆశా కార్యకర్తలు, అటెండరు మస్తానమ్మ, కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ ఎస్తేరు, సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్ పెంచలయ్య.

ఈ వివరాలు ఆనాటి నా డైరీలోవి. పెంచలయ్య అంటే నేనే. ఏ సమావేశం గురించి రాసినా సూపరింటెండెంట్ గారి పేరు తరువాత నా పేరు రాయడం నా అలవాటు. ఆ రోజు అందరికన్నా చివర రాసుకున్నాను. కారణం నాకు తెలుసు. డైరీలో మాత్రం రాయలేదు.

ఆసుపత్రి పేరు కూడా రాయను. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు నేను పనిచేసిన నాలుగు ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఒకటి అనుకుంటే చాలు. అప్పటికి నా సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు. అందులో ఎక్కువ భాగం మైక్రోస్కోపు ముందే గడిచింది. మలేరియా రక్తపు చుక్కలు, క్షయ అనుమానితుల కళ్లె. కళ్లె పరీక్షలో ఒక నియమం ఉంది. కళ్లె పూసి చూసిన గాజు స్లైడును పారేయకూడదు. వరుస నంబరు వేసి, గాడులున్న చెక్క పెట్టెలో నిలబెట్టి దాచాలి. నెలకొకసారి సూపర్‌వైజరు వచ్చి కొన్నింటిని ఏరుకుని, మన ఫలితం చూడకుండా తాను మళ్లీ చూస్తాడు. రెండు ఫలితాలూ కలవాలి. నా స్లైడ్లలో తేడా వచ్చిన నెల ఒక్కటీ లేదు. ఈ మాట నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను.

ఆ ఏడాది జులైలో మా ల్యాబుకు కొత్త మెషీన్ వచ్చింది. బ్యాటరీతో నడుస్తుంది, రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. గోరంత గుంట ఉన్న ప్లాస్టిక్ చిప్‌లో ఒక చుక్క వేసి లోపలికి తోస్తే, గంటలోపు కరోనా ఉందో లేదో చెబుతుంది. ఒకేసారి నాలుగు చిప్‌లు పడతాయి. మెషీన్ వెనకే ఎస్తేరు వచ్చింది. ఉదయగిరి అమ్మాయి. తండ్రి మిషన్ స్కూల్లో పంతులుగా చేసి విరమించాడు. మైక్రోబయాలజీలో ఎం.ఎస్‌సి. కాంట్రాక్టు సెప్టెంబరు 30 వరకు. పొడిగింపు సూపరింటెండెంట్ గారి సిఫార్సును బట్టి ఉంటుంది. ఇంట్లో సంపాదన ఆ అమ్మాయి ఒక్కతిదేనని హెడ్ నర్సు చెప్పగా విన్నాను.

సెప్టెంబరు 14 నాటి సమావేశం ఆశా కార్యకర్తల కోసం పెట్టింది. ఊళ్లలో జనం అడిగే ప్రశ్నలకు వాళ్లు సమాధానం చెప్పలేకపోతున్నారు. వైరస్ అంటే ఏమిటి, ఒంట్లో ఎలా పెరుగుతుంది, ఈ పరీక్ష దాన్నెలా పడుతుంది అన్నది చెప్పాలి. మా ఆసుపత్రిలో ఇలాంటి తరగతులు ఎప్పుడూ నేనే చెప్పేవాణ్ణి. ముందురోజు రెండు పేజీలు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాను. సూపరింటెండెంట్ గారు కుర్చీలో కూర్చుని, “ఎస్తేరూ, నువ్వు చెప్పమ్మా” అన్నారు. కాగితాలు జేబులోనే ఉండిపోయాయి.

ఎస్తేరు బోర్డు మీద ఏమీ రాయలేదు. నేరుగా వెళ్లి సూపరింటెండెంట్ గారి బల్ల మీది రబ్బరు స్టాంపు తీసుకుంది.

కరోనా వైరస్ లోపల ఉండేది ఒకే ఒక పొడుగాటి రాత, దాన్ని ఆర్‌ఎన్‌ఏ అంటారు అని మొదలుపెట్టింది. కరోనా వైరస్ గొంతులో కణంలోకి దూరితే, ఆ రాతను మన కణం తన సొంత ఉత్తర్వు అనుకుని చదువుతుంది. చదివి అందులో ఉన్న సరుకు తయారుచేస్తుంది.

మర్రిపాడు నుంచి వచ్చిన మరియమ్మ అనే పెద్దావిడ అడిగింది. “చదివితే సరుకు వస్తాది, సరే. మరి ఆ రాతకు నకళ్లు ఎవరు రాస్తారమ్మా? దానికి మన గొంతులో గుమాస్తాలు యాడ దొరుకుతారు?”

“అదే కదక్కా తమాషా. ఆర్‌ఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే గుమాస్తా మన కణంలో లేడు. అందుకని ఆ కాగితంలో మొట్టమొదట రాసుండేదే, నన్ను నకలు తీసే గుమాస్తాను తయారుచెయ్ అని. మన కణం చదివి చేసి పెడతాది.”

“కన్నం వేసేదానికి మన గడ్డపారే అడిగినట్టుండాదే” అంది మరియమ్మ. అందరూ నవ్వారు.

ఎస్తేరు స్టాంపును తిప్పి రబ్బరు వైపు చూపింది. గుమాస్తా నేరుగా నకలు తీయడు. ముందు ఇలాంటి తిరగేసిన రాత ఒకటి తయారుచేస్తాడు. అది చదవడానికి పనికిరాదు. కానీ అది ఒకటి ఉంటే, దాన్ని చూసి సరైన రాతలు ఎన్నైనా దించుకోవచ్చు. ఇలా చెప్పి, పాత కాగితం మీద వరుసగా ఎనిమిది ముద్రలు కొట్టింది. ఒక కణం నుంచి ఇలాంటివి వేలల్లో బయటికి వస్తాయి, ఒక్కొక్కటీ పక్క కణానికి పోతుంది.

ఫ్లూ సంగతేమిటని ఒక నర్సు అడిగింది. “అది స్టాంపుగానే వస్తాది మేడమ్. తిరగేసిన రాతను మన కణం చదవలేదు. అందుకని గుమాస్తాను చంకలో పెట్టుకునే వస్తాది” అంది ఎస్తేరు. రాసేటప్పుడు గుమాస్తా తప్పులు చేస్తాడనీ, ఆ తప్పుల్లో నిలబడగలిగినవే కొత్త రకాలవుతాయనీ చెప్పింది. ఫ్లూకు సరిచూసేవాడు లేడు, కరోనాకు ఒకడు ఉన్నాడు, అందుకని దానిలో తప్పులు కొంచెం తక్కువ అంది.

తరువాత మెషీన్ గురించి. మెషీన్ చేసేదీ నకళ్ల పనే. ముందు ఆర్‌ఎన్‌ఏను డిఎన్‌ఏ భాషలోకి మారుస్తుంది. ఆపైన వేడి చేస్తూ, చల్లారుస్తూ ఒకదాన్ని రెండు, రెండింటిని నాలుగు చేస్తూ నలభై చుట్ల దాకా పోతుంది. వైరస్ ఉంటే చివరికి ఆ చిప్ గుంటలో కోట్ల నకళ్లు పోగవుతాయి. ఆ నకళ్లు ఎవరికీ జబ్బు అంటించవు. కానీ అందులో ఒక అణువు రేపటి చిప్‌లో పడితే, అది వైరస్ కాదని మెషీన్‌కు తెలియదు. పాజిటివ్ అంటుంది. “అందుకే వాడిన చిప్‌ను ఆ నిమిషమే మూత ఉండే బ్లీచింగ్ డబ్బాలో వేసెయ్యాల” అని ముగించింది.

తరగతి అయ్యాక మరియమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగును. “సారూ, మీరు చెప్పినప్పుడంతా తల ఊపినాం. ఈ పొద్దు అర్థమయింది” అంది. మెచ్చుకోలుగానే అంది. నాకు మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఆ స్టాంపును నేను ముప్పై ఏళ్లుగా రిపోర్టుల మీద చూస్తున్నాను. నాకెందుకు తోచలేదన్నదే నా బాధ. ఆ వారమంతా సూపరింటెండెంట్ గారు ఏ కాగితం మీద ముద్ర వేసినా, ఎస్తేరు ఎదురుగా ఉంటే స్టాంపు తిప్పి చూపి నవ్వేవారు. ఎన్నిసార్లు అలా చేశారో నేను లెక్కపెట్టాను. ఐదుసార్లు.

మరునాటి నుంచి నేను వాడిన చిప్‌లను బ్లీచింగ్ డబ్బాలో వేయడం మానేశాను.

ల్యాబులో పని పంపకం ఇది. శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం, చుక్క కలిపి చిప్‌లో వేయడం ఎస్తేరు పని. మెషీన్ నుంచి చిప్ తీయడం, ఫలితం రిజిస్టరులో ఎక్కించడం, చిప్ పారేయడం నా పని. ప్రతి చిప్ మీద నంబరు ఉంటుంది. ఎస్తేరు ఎప్పుడో ఒకసారి నంబర్లు తారుమారు చేస్తుందనీ, ఒకరి చుక్క ఇంకొకరి చిప్‌లో వేస్తుందనీ నా నమ్మకం. నమ్మకం కాదు, ఆశ. పాత స్లైడు పెట్టె ఒకటి తెచ్చి, చిప్‌లను గాడుల్లో వరుసగా నిలబెట్టి, చుక్కలు కలిపే బల్లకున్న నా సొరుగులో పెట్టాను. ఖాళీ దొరికినప్పుడల్లా తీసి, చిప్ నంబరు, రిజిస్టరు నంబరు, ఎస్తేరు చేతిరాత చీటీ సరిపోల్చేవాణ్ణి. పెట్టె తెరిచిన వేళ, మూసిన వేళ డైరీలో రాసేవాణ్ణి. డైరీ ఆ బల్ల మీదే ఉండేది. స్లైడు విషయంలో నేను నేర్చుకున్న మంచి పద్ధతినే పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. రంగు వేసి కాల్చిన స్లైడు చచ్చిన వస్తువు. వాడిన చిప్ అలా కాదని ఎస్తేరు అందరి ముందూ చెప్పింది. ఆ అమ్మాయి చెప్పింది కాబట్టే నేను దాన్ని లెక్కచేయలేదు.

ఇంకొక పని కూడా చేశాను. ఎస్తేరు రోజూ ఉదయం శాంపిల్ లేకుండా ఉత్త నీటి చుక్కతో ఒక చిప్ నడిపేది. దాన్ని బ్లాంకు అంటారు. అది నెగెటివ్ వస్తే బల్ల శుభ్రంగా ఉన్నట్టు. చిప్‌ల సరఫరా తక్కువగా ఉన్న రోజులు. బ్లాంకు పేరుతో రోజుకొక చిప్ వృథా అవుతున్నదని 17వ తేదీన సూపరింటెండెంట్ గారికి నోట్ పెట్టాను. ఆయన సరేనన్నారు. ఎస్తేరు వచ్చి నన్ను అడిగింది.

“సార్, బ్లాంకు లేకుంటే మనం గుడ్డిగా నడిచినట్టు గదా.”

“మైక్రోస్కోపు కాలంలో మేం ఏ బ్లాంకులు నడిపినామమ్మా? చేతులు శుభ్రంగా ఉంటే చాలు.”

“మీ చేతుల్ని అనడంలేదు సార్.”

“మరి ఎవరి చేతుల్ని అంటుండావు?”

ఎస్తేరు తన పనిలోకి వెళ్లిపోయింది. ఆ సంభాషణలో నేను గెలిచానని డైరీలో ఉంది.

23వ తేదీ బుధవారం, దుత్తలూరు మండలంలోని ఒక ఊరి నుంచి పదమూడు శాంపిళ్లు వచ్చాయి. పదకొండు పాజిటివ్. ఒక్కరికీ దగ్గు లేదు, జ్వరం లేదు. సాయంత్రానికల్లా ఆ వీధికి కర్రలు కట్టారు. వేరుశనగ పీకాల్సిన మనుషులు ఇళ్లలో కూర్చున్నారు. సర్పంచి ఫోన్ చేసి, “మా వాళ్లంతా రాళ్లు తిని అరిగించుకునేటట్టుండారు డాక్టరుగారూ, ఇదేం రోగం” అని సూపరింటెండెంట్ గారిని అడిగాడు. ఆయనకూ అనుమానం వచ్చి, మరునాడే వాళ్ల నుంచి మళ్లీ శాంపిళ్లు తీయించి జిల్లా ల్యాబుకు పంపారు. 25వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. పదకొండుమందిలో తొమ్మిదిమందికి ఏమీ లేదు. ఒక్క రోజు తేడాలో అంతమందికి మాయమయ్యే జబ్బు కాదది.

చుక్కలు కలిపిన వరుసలో సంతకం ఎస్తేరుది. సూపరింటెండెంట్ గారు ఇద్దరినీ పిలిచారు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పమన్నారు. తెలియదు, వెతుకుతాను అంది ఎస్తేరు. నన్ను అడిగితే, చిప్‌లో చుక్క వేసే పని నాది కాదని చెప్పాను. అది నిజమే. కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ వారమే పంపాలనీ, రేపు ఉదయం వరకు చూస్తాననీ, ఆపైన ఈ సంగతి అందులో రాయక తప్పదనీ ఆయన అన్నారు. బయటికి వచ్చాక ఎస్తేరు ముఖం నేను చూడలేదు. ఆ రోజు డైరీలో ఒక వాక్యం ఉంది: “మధ్యాహ్నం భోజనం బాగా చేశాను.”

మూడు గంటలకు ఎస్తేరు వెతకడం మొదలుపెట్టింది. తడిపిన దూది పుల్లలతో బల్ల, చుక్కలు కొలిచి వేసే పిపెట్, కుర్చీ చేయి, మెషీన్ మూత, తలుపు గడియ విడివిడిగా తుడిచి, ఒక్కోదాన్నీ ఒక్కో చిప్‌లో నడిపింది. చిప్‌లు వృథా అని నేను అనలేదు. తలుపు గడియ నెగెటివ్. మెషీన్ మూత, కుర్చీ చేయి నెగెటివ్. పిపెట్ పాజిటివ్. బల్ల పాజిటివ్, అందులోనూ సొరుగు ఉన్న వైపు ఎక్కువ. ఎంత ముందుగా పాజిటివ్ చూపితే అంత ఎక్కువ నకళ్లు ఉన్నట్టు. ఎస్తేరు ఆ అంకెలను కాగితం మీద రాసుకుని, సొరుగు ముందుకు వచ్చి నిలబడింది. సొరుగు తెరవలేదు. అది సీనియర్ టెక్నీషియన్ సొరుగు. సీనియర్ సొరుగు జూనియర్ తెరవకూడదన్న మర్యాద మా శాఖలో ఉంది. ఆ మర్యాదను ఆ అమ్మాయి ఆ పరిస్థితిలో కూడా పాటించింది. నేను రెండడుగుల దూరంలో కూర్చుని రిజిస్టరు రాస్తున్నాను.

ఐదు గంటలకు నేను వరండాలో చేతులు కడుక్కుంటుంటే మస్తానమ్మ బకెట్ తీసుకుని వచ్చింది. ల్యాబు తుడిచేది ఆమే. మామూలుగా నన్ను మీరు అంటుంది, కోపమొస్తే నువ్వు.

“సారూ, సొరుగులో పెట్టె సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

నేను తెలియనట్టు, ఏ పెట్టె అన్నాను.

“ఏ పెట్టె అంటావేంది? గుడ్డ పెట్టబోతే ముట్టొద్దని కసిరినావే, ఆ పెట్టె. ఆ పిల్ల మధ్యాన్నం నుంచి నీళ్లు గూడా తాగలా. రేపు పది గంటలదాకా చూస్తా. ఆ పైన నా నోరు నా మాట వినదు.”

ఆమె బకెట్‌తో లోపలికి వెళ్లిపోయింది. నేను ఇంటికి వెళ్లి, పొద్దుగూకక ముందే అరుగు మీద కూర్చుని, పదిరోజుల డైరీ మొదటినుంచి చదివాను. పెట్టె తెరిచిన వేళలు పద్నాలుగు ఉన్నాయి. ఎస్తేరు నంబర్లలో తప్పు ఒక్కటీ లేదు. చివరిసారి పెట్టె తెరిచింది 23వ తేదీ ఉదయం తొమ్మిదీ పదికి. దుత్తలూరు శాంపిళ్ల పని ఆ బల్ల మీద మొదలైంది తొమ్మిదిన్నరకు. ఆ మధ్యలో నేను గ్లౌజులు మార్చలేదు, పిపెట్లు సర్ది పెట్టాను. అదీ రాసి ఉంది. ఎందుకంటే అన్నీ రాయడం నాకు గర్వం.

మరునాడు, 26వ తేదీ శనివారం, ఎనిమిది గంటలకే ఆసుపత్రికి వెళ్లాను. జరిగింది ఒక పేజీలో రాసి సంతకం చేసి తీసుకువెళ్లాను. సొరుగులోంచి పెట్టె తీసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, సూపరింటెండెంట్ గారి గది దగ్గరికి వచ్చేసరికి ఎస్తేరు లోపల ఉంది. నా చేతిలోది ఏమిటో ఆ అమ్మాయికి గుమ్మంలోనే అర్థమైంది. “సార్, అది లోపలికి తేవొద్దు. వరండాలో పెట్టండి” అంది. పెట్టాను.

సూపరింటెండెంట్ గారి బల్ల మీద పొడిగింపు కాగితం టైపు చేసి ఉంది. “సిఫార్సు చేయడం లేదు” అన్న మాటలు నాకు తలకిందులుగానే కనబడ్డాయి. పక్కనే స్టాంపు. నా కాగితం ఆయన రెండుసార్లు చదివారు.

“ఎందుకు దాచినారు పెంచలయ్యా?”

“సరిచూడడానికి సార్.”

“ఎవర్ని?”

 మస్తానమ్మ గుమ్మం దగ్గర గుడ్డ పిండుతూ ఉంది. నేను, “ఈ అమ్మాయిని సార్” అన్నాను.

ఎస్తేరు నన్ను తిడుతుందనో, ఏడుస్తుందనో అనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే వచ్చాను. ఆ అమ్మాయి రెండూ చేయలేదు. “పెట్టె ఎప్పుడెప్పుడు తెరిచినారో గుర్తుందా సార్?” అని అడిగింది. డైరీ తీసి ఇచ్చాను. గ్లౌజులు వేసుకుని అందుకుంది. వేళలు చూసి, ఒక్కోదాని వెంటనే జరిగిన పరీక్షలను రిజిస్టరులో గుర్తుపెట్టింది. మళ్లీ చేయాల్సినవి ఇరవై ఏడు. డైరీ లేకపోతే ఆ పదిరోజుల పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సి వచ్చేదని సూపరింటెండెంట్ గారితో అంది. అది నన్ను వెనకేసుకు రావడానికి అన్న మాట కాదు. లెక్క ప్రకారం చెప్పిన మాట. అప్పుడు కూడా నాకు అసూయే కలిగింది. నేనైతే ఆ మాట అనేవాణ్ణి కాను.

తరువాత తడిపిన పుల్ల తీసుకుని డైరీ అట్ట తుడిచింది. గంటలోపు ఫలితం వచ్చింది. పాజిటివ్. బల్ల కంటే, పిపెట్ కంటే ముందే చూపింది.

డైరీ ఇక ల్యాబు గడప దాటి లోపలికి రాకూడదంది. కావలసిన పేజీలకు నకలు రాసివ్వమంది. వరండాలో బెంచీ మీద గ్లౌజులతో కూర్చుని తెల్లకాగితాల మీద రాశాను. పద్నాలుగు పద్దులు, రెండు పేజీలు. ఎస్తేరు మూడు గజాల దూరంలో నిలబడి, నన్ను డైరీ పైకి చదవమని, తాను నకలు చూసుకుంది. రెండు తప్పులు దొరికాయి. ఒకచోట తేదీ, ఒకచోట నంబరు. ఎర్ర సిరాతో దిద్దింది. నకలు కింద నేను సంతకం చేశాను, సరిచూసిన చోట ఆ అమ్మాయి చేసింది. లోపల సూపరింటెండెంట్ గారు టైపు చేసిన కాగితం చింపి, పొడిగింపుకు కొత్తది రాయించి, దాని మీద స్టాంపు వేశారు. నాకు ఇవ్వాల్సిన మెమో సోమవారం ఇస్తానన్నారు. పది కావడానికి ఇంకా ఐదు నిమిషాలు ఉందని మస్తానమ్మ నాకు వినబడేటట్టు అంది.

ఆ సాయంత్రం కొత్త డైరీ కొని, మొదటి పేజీలో రాసుకున్నవి ఇవి. వాడిన చిప్‌ను వెంటనే బ్లీచింగ్ డబ్బాలో వేయాలి. బ్లాంకు రోజూ నడపాలి. ఒక పరీక్షకు సరైన నియమం ఇంకొక పరీక్షకు తప్పు కావచ్చు, కాబట్టి కొత్త పని వచ్చినప్పుడు దాని నియమాలు తెలిసినవాళ్లను, వయసు చూడకుండా, అడిగి రాసుకోవాలి. ఎవరి పనినైనా సరిచూడాలనుకుంటే వాళ్లకు చెప్పి చేయాలి.